సూదిమొనయు, స్వావలంబనమును

ఎల్.బి. నగరము దాటి నాగార్జునసాగర్ మార్గమున సాగిపోవువారికి మాసాబ్ చెరువు ప్రక్కన తుర్కయంజాల్ కనబడును. ఒక తరము వెనుక ఇది పొలములును, తోటలును గల పల్లె. నేడు దాని చుట్టును యంత్రయుగము వచ్చి నిలిచినది. ఆదిభట్లలో విమానములకును, హెలికాప్టరులకును కావలసిన అంగములు తయారగుచున్నవి. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ సంస్థవారి ఎలక్ట్రానిక్ కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగెను. రావిర్యాలలో ఎలక్ట్రానిక్ పరిశ్రమలకై ప్రత్యేకింపబడిన భూములు కలవు. బాలాపురమున నూతన పదార్థములను శోధించు జాతీయ పరిశోధనాలయము కలదు. ఇవన్నియు తుర్కయంజాల్ వాసికి ఒక్క పూటలో పోయి రాదగిన దూరముననే యున్నవి.

ఇట్టి సీమలో నిలిచి మేమొక చిన్న ప్రశ్న వేయదలచినారము. ఇన్ని ఎలక్ట్రానిక్ వస్తువులు మన చుట్టును కూర్పబడుచున్నవి గదా! అవి మంచివో చెడ్డవో తేల్చి చెప్పు సూది ఎవరిది? ఆ సూది విరిగిననాడు దానిని అతుకగల చేయి ఎవరిది? ప్రశ్న సూదియంతటిదే. కాని దాని ప్రత్యుత్తరముపై మన పరిశ్రమల స్వావలంబనము చాలవరకు ఆధారపడియున్నదని మా విశ్వాసము.

పాఠకులలో పెక్కురకు ఈ సూదుల సంగతి క్రొత్తది కావచ్చును. రేడియో బాగుచేయువాని బల్లమీద మీటరునకు ఎఱుపు, నలుపు తీగలు రెండు వ్రేలాడుచుండుట అందఱును చూచియే యుందురు. ఆ తీగల చివరనుండు మొనలే ప్రోబులు. పరీక్షింపవలసిన వస్తువు చిన్నదైన కొలదియు మొనయు చిన్నది కావలసివచ్చినది. ఎలక్ట్రానిక్ ఫలకములను పరీక్షించుటకు లోపల స్ప్రింగు గల సన్నని సూదులను వందలకొలది ఒక పలకలో నిలిపి, వానిపై ఫలకము నదుముదురు. ఈ సూదులను పనివారు పోగోపిన్నులందురు. ఇంతకంటె సూక్ష్మమైనది చిప్పుల పరీక్ష. చిప్పులు ఒక్కొక్కటిగా పుట్టవు. పండ్రెండంగుళముల సిలికాను బిళ్ళపై వందలకొలది ఒక్కమాఱుగ నేర్పడును. బిళ్ళను కోయకమునుపే వానిని పరీక్షింపవలెను. ఏలయన చెడినదానిని కోసి, తొడుగు వేసి, కాళ్ళు పెట్టిన పిమ్మట అది చెడినదని తెలిసినచో ఆ వ్యయమంతయు దండుగ. అందులకై వందలు, వేలు సూదులను ఒక్క ఫలకమున నాటి, చిప్పుమీది లోహపు చుక్కలపై మెల్లగ దింపుదురు. దానిని ప్రోబుకార్డు అందురు. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఈ సూదులలో పెక్కింటి మొన ఆ వెండ్రుకలో మూడవ వంతునకు మించదు. ఒక్కొక్క సూది చుక్కపై మోపు బరువు కొద్ది గ్రాములు మాత్రమే.

న్యాయస్థానమున సాక్షి యెట్టివాడో కర్మాగారమున ఈ సూది యట్టిది. దాని మొన అరిగినను, వంగినను, మకిలి పట్టినను విద్యుత్తు సరిగా ప్రవహింపదు. యంత్రము ఆ దోషమును సూదియందుగాక చిప్పునందే చూచును. మంచి చిప్పు చెత్తబుట్ట పాలగును. తప్పుడు సాక్ష్యమునకు నిరపరాధి శిక్షింపబడినట్లే యిది. వేయి సూదుల కార్డులో తొమ్మిదివందల తొంబదితొమ్మిది చక్కగ నున్నను, ఒక్కటి చెడినచో ఆ కార్డు పనికి రాదు. కార్డు లేనిచో లక్షలు, కోట్లు వెలగల పరీక్షాయంత్రము ఊరక నిలిచిపోవును. బంగారు పళ్ళెరమునకైనను గోడ చేర్పు కావలెనని మన పెద్దలనినది ఇందులకే. కోట్ల చిప్పులకు ఈ సూది గోడ చేర్పు వంటిది.

ఈ గోడ ఎవరిదని విచారింపుడు. ప్రోబుకార్డుల నిర్మాణమున లోకమునందు ప్రఖ్యాతి వహించిన సంస్థలు అమెరికా, ఇటలీ, జపాను దేశములవి. మన హైదరాబాదు పడమటి ప్రాంతమున చిప్పులకు రూపకల్పన చేయు ఇంజనీర్లు వేలకొలది కలరు. చిప్పు రూపమును మనవారు గీయుదురు, దానిని పరీక్షించు సూదికై పరదేశపు పేటిక వచ్చువరకు వేచియుందురు. సూది చెడినచో మఱల ఆ దేశమునకే పంపి, వారములు లెక్కపెట్టుకొనవలసి వచ్చుట చిన్న సంస్థలకు ఎంతటి కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు. పెద్ద సంస్థకు అదనపు కార్డులు నిలువయుండును. చిన్నవానికి ఒక్క కార్డు చెడుట యనగా ఒక నెల పని చెడుట.

రావిర్యాల పేరు చెప్పినప్పుడు 2006వ సంవత్సరము జ్ఞప్తికి రాక మానదు. ఆ యేట ఫ్యాబ్‌సిటీ యను పేర ఒక మహాప్రణాళిక ప్రకటింపబడెను. వేయి యెకరములకు మించిన భూమి ఏర్పాటయ్యెను. సెమిండియా యను సంస్థ, అమెరికాలోని ఏ.ఎమ్.డి. వారి సాంకేతిక సహాయముతో, ఇచ్చట చిప్పులు చేయునని వార్తలు వెలువడినవి. పత్రికలు పొంగిపోయినవి. కాని ఆ చిప్పుల కర్మాగారము వెలయలేదు. తరువాతి కాలమున ఆ భూములలో సూర్యశక్తి ఫలకములు మొదలగు ఇతర పరిశ్రమలు వచ్చినవి. ఎవ్వరినో నిందించుటకై మేమీ మాట యెత్తలేదు. అట్టి కర్మాగారమునకు వేలకోట్ల పెట్టుబడి, నిర్విరామమగు విద్యుత్తు, అతిశుద్ధమగు నీరు, అన్నిటికంటె ముఖ్యముగ దానిని పోషించు నూఱు చిన్న పనుల నేర్పు కావలెను. పెద్ద పేరును ఆహ్వానించితిమి. చిన్న పనులను పెంచుట మఱచితిమి. ఫ్యాబ్‌సిటీ నేర్పిన పాఠములలో ఇది యొకటి.

నేడు దేశమున మఱల ఉత్సాహము కానవచ్చుచున్నది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము చిప్పుల పరిశ్రమకై 76,000 కోట్ల రూపాయల కార్యక్రమము నంగీకరించెను. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశమునందు చిప్పులకు తొడుగు వేయు కర్మాగార మొకటి కేంద్ర మంత్రివర్గపు ఆమోదమును పొందెను. ఆ మఱుసటి నెలలోనే దేశీయముగ రూపొందిన విక్రమ్ అను చిప్పు ప్రజలకు ప్రదర్శింపబడెను. సంతోషము. కాని ప్రతి చిప్పు వెనుకను ఒక పరీక్ష, ప్రతి పరీక్ష వెనుకను ఒక సూది యుండునను సత్యము ఈ సంబరమున మఱుగున పడరాదు.

ఇక ఆ సూదిని అతుకు విధానమునకు వత్తము. ఇందులకు నేడు లోకము వాడుచున్న సాధనములలో లేజరు ముఖ్యమైనది. సామాన్య దీపపు వెలుగు నలుదెసల చెదరిపోవును; లేజరు వెలుగు ఒకే రంగు, ఒకే దారి, ఒకే నడక గలది. కాబట్టి దానిని కటకముతో అతిసూక్ష్మమగు చుక్కకు కుదింపవచ్చును. దీని మూలసూత్రమును 1917లో ఐన్‌స్టీన్ చెప్పెను. 1960 మే 16వ తేదీన అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీతో మొట్టమొదటి లేజరును వెలిగించెను. 1964లో బెల్ పరిశోధనాలయమున రెండు ముఖ్యమైన లేజరులు పుట్టినవి. బొగ్గుపులుసు వాయువుతో పనిచేయుదానిని కనిపెట్టినవాడు మహారాష్ట్రమున బారామతిలో జన్మించిన కుమార్ పటేల్. రెండవది నియోడిమియము కలిపిన యాగ్ స్ఫటికముతో పనిచేయునది. సన్నని లోహపుపనికి చిరకాలము ఆధారమైనది ఈ రెండవదియే. ఇటీవల గాజుపోగులలో పుట్టు లేజరులును దానికి తోడైనవి. తీగలు సాగదీయు కమ్మచ్చును మన స్వర్ణకారు లెఱుగుదురు. అమెరికాలో 1965లోనే వజ్రపు కమ్మచ్చులకు బెజ్జములు వేయుటకు లేజరును వినియోగించిరి. అనగా పుట్టిన అయిదేండ్లకే ఈ వెలుగు కంసాలి పనిలోనికి వచ్చినది!

సూదిని అతుకు తీరు చూడుడు. సూక్ష్మదర్శిని క్రింద సూది మొదలును, అది నిలువవలసిన చిన్న మెట్టను ఒకదానికొకటి తాకునట్లు చేర్చుదురు. గాలి తగిలి లోహము నల్లబడకుండ ఆర్గాన్ వాయువును మెల్లగా వీచునట్లు చేయుదురు. పనివాడు కాలితో మీట నొక్కును. సెకనులో కొన్ని వేయవ వంతుల కాలము మాత్రము, మిల్లీమీటరులో పదవ వంతు వెడల్పునకు మించని చుక్కపై వెలుగు పడును. అచ్చటి లోహము కరగి, ఒండొంటితో కలిసి, మఱల గట్టిపడును. వేడి ప్రక్కకు ప్రాకుటకు వ్యవధి యుండదు. సూదిని దేనితోను అదుమ నక్కఱలేదు. ఒక్క దెబ్బ చాలనిచో మఱియొకటి, దాని ప్రక్కన ఇంకొకటి. కంసాలి దెబ్బలు నూఱు, కమ్మరి దెబ్బ ఒకటి యను సామెత యున్నది గదా! లేజరు యంత్రము ఈ పనిలో కంసాలి పక్షమున నున్నది.

పాత పద్ధతులకు ఇందేమి కొఱతయని అడుగవచ్చును. టంకము వేయుటకు చుట్టుపట్టుల నంతయు కాచవలెను. ప్రక్క సూదుల అతుకులు సడలును. పూసిన మందు కొంత మిగిలి, లోహమును తినును; విద్యుత్తును దొంగదారిని పోనిచ్చును. రెండు రాగి కడ్డీల నడుమ అదిమి విద్యుత్తుతో కాచు పద్ధతిలో సన్నని సూది వంగిపోవును. అంతకంటె పెద్ద చిక్కు పదునుది. ఈ సూదులు స్ప్రింగువలె వంగి లేవవలెను. ఒకమాఱు అతిగా కాగినచో ఆ పదును పోయి, వంగినది వంగినట్లే యుండును. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యను విచక్షణయే లేజరు పనికి మూలము.

కాని గుణములను మాత్రమే చెప్పి దోషములను దాచుట పత్రికాధర్మము కాదు. లేజరు సర్వరోగనివారిణి కాదు. బంగారము, రాగి అగపడని ఎఱ్ఱ వెలుగును అద్దమువలె వెనుకకు కొట్టును. వానికి ఆకుపచ్చని లేజరు మేలు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు. కరగి గడ్డకట్టిన పిమ్మట పెళుసగును. కాబట్టి దానిని మొనకు దూరముగ, మొదటి భాగముననే పట్టవలెను. లేదా లేజరు వేడిమితో చుక్కంత టంకమును మాత్రము కరగించి నిలుపవలెను. బెరీలియము కలిసిన రాగి మంచి స్ప్రింగే కాని, దాని పొగ ఊపిరితిత్తులకు విషము. గాలిని లాగివేయు గొట్టము లేనిచోట దానిని ముట్టరాదు. ఏ లోహమునకు ఏ వెలుగు, ఎంత సేపు, ఎంత బలము అను లెక్క గ్రంథమున కొంత యుండును. చేతి యనుభవమున మిగిలినది యుండును.

బాగుచేయుట యనగా అతుకుట మాత్రమే యనుకొనరాదు. చెడిన సూదిని ముందు గుర్తింపవలెను, ప్రక్కవానికి తగులకుండ ఊడదీయవలెను, మెట్టను శుభ్రపఱచవలెను, క్రొత్తదానిని నిలిపి అతుకవలెను. పిమ్మట దాని మొన మిగిలిన వేయి మొనలతో ఒకే మట్టమున నున్నదా, దాని నిరోధ మెంత, అది మోపు బరువెంత యని కొలిచి వ్రాసిపెట్టవలెను. కంటికి బాగుగనున్నది యను మాట ఈ పనిలో చెల్లదు. సాక్షికే పరీక్ష పెట్టవలసిన వృత్తి యిది. అంకె వ్రాయక అతికినవాడు పనివాడు కాడు.

ఈ నేర్పు మన నేలకు అన్యమైనదా? కరీంనగరపు వెండి తీగపనిని చూడుడు. వెంట్రుకవలె సన్నని వెండి తీగలను మెలిపెట్టి, పువ్వులుగ చుట్టి, ఒండొంటిని కరగనీయక అతుకు పనితనము ఎలగందుల ప్రాంతమున తరతరములుగ నిలిచినది. నిజామాబాదు మండలపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు పారసీక వర్తకులను రప్పించినది. ఊదుగొట్టముతో నిప్పును సూదిమొనవలె సన్నగించి, వెలిగారము అద్ది, శ్రావణముతో పట్టి నగ నతికిన స్వర్ణకారుని చేతికి ఈ క్రొత్త పనిలో మార్పవలసినది నిప్పును మాత్రమే. చేయి నిలుకడ, కంటి గుఱి, లోహపు గుణము నెఱుగుట అతనియొద్ద నున్నవి. యంత్రములు చేసిన నగలు అంగళ్ళను ముంచెత్తుటచే పని తగ్గి, పిల్లలను వేఱు వృత్తులకు పంపుచున్న స్వర్ణకార కుటుంబములు మన పట్టణములలో ఎన్నియో కలవు. నగలనతుకు చిన్న లేజరు యంత్రములు ఆ వృత్తిలో ఇప్పటికే ప్రవేశించినవి. వాని వెల కొన్ని లక్షల రూపాయలే, కోట్లు కాదు.

ఇంకొక వర్గము కలదు. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టులోను, దిల్‌సుఖ్‌నగరపు వీథులలోను సెల్‌ఫోనులు బాగుచేయు యువకులను చూడుడు. ఆవగింజంత భాగమును సూక్ష్మదర్శిని క్రింద ఊడదీసి మఱల నిలుపుచున్నారు. ఫోను వెనుక అద్దము నూడదీయుటకు లేజరు యంత్రములు వాడు దుకాణములును నగరమున వెలసినవి. వీరి నేర్పునకు పట్టా లేదు, గౌరవము లేదు, కొలత లేదు. చేతికి కొలతను, వృత్తికి గౌరవమును చేర్చినచో వీరిలోనుండియే ప్రోబుల పనివారు పుట్టగలరు.

చేతులు కలవు, విద్య యెక్కడ? విద్యయు మన వాకిటనే యున్నది. బాలాపురములోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయమున లేజరుతో లోహములను సంస్కరించుటకై ప్రత్యేక విభాగమే కలదు. కంచన్‌బాగులోని మిధాని 1973 నుండి విశేష మిశ్రలోహములకు పేరుగన్నది. చర్లపల్లిలోని సి-మెట్ ఎలక్ట్రానిక్ పరిశ్రమకు కావలసిన పదార్థములను శోధించుచున్నది. బాలానగరున 1968లో స్థాపితమైన పనిముట్ల రూపకల్పనా సంస్థ యువకులకు సూక్ష్మమగు కొలతపనిని నేర్పుచున్నది. ఇందూరు నగరమున 1984లో ఆరంభమైన కేంద్ర పరిశోధనాలయము స్వదేశీయముగ లేజరు యంత్రములను నిర్మించి, అణువిద్యుత్ కేంద్రములలో కోతపనికి సయితము వినియోగించెను. ఇన్ని దీపములు వెలుగుచుండ మన ముంగిట చీకటియేల? దీపమునకును, చేతికిని నడుమ దారి లేకుండుటయే కారణము. పరిశోధనాలయపు గోడలోపలి విద్య గోడవెలుపలి కర్మశాలకు చేరుటలేదు.

ఈ దారి వేయుట అసాధ్యము కాదని చూపిన మహనీయుడు మనలోనే యొక డుండెను. పశ్చిమగోదావరి మండలపు మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ట్రాంబేలో పనిచేయుచు, 1956లో నడచిన అప్సర అణుయంత్రమునకు కావలసిన నియంత్రణ సాధనములను తమ బృందముచే దేశముననే చేయించిరి. ఆ అనుభవము పునాదిగ 1967 ఏప్రిల్ 11న హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. వెలసినది. రెండేండ్లకే టి.డి.సి.-12 యను స్వదేశీ కంప్యూటరు అచ్చట తయారయ్యెను. మొదట కొలుచు సాధనము, పిమ్మట పరిశ్రమ యను క్రమమును వారు పాటించిరి. మనము ఆ క్రమమును తలక్రిందులు చేసి, పరిశ్రమను ముందు పిలిచి, కొలుచు సాధనమునకై పిమ్మట వెదకుచున్నాము.

పరదేశపు దృష్టాంతము కావలెనన్నచో ఇటలీని చూడుడు. జుసెప్పె క్రిప్పా యను నాతడు ఒక పెద్ద చిప్పుల సంస్థలో చిరకాలము కొలువు చేసి, విరమించిన పిమ్మట, అరువదేండ్ల ప్రాయమున తన యింటనే ప్రోబుకార్డులు చేయ నారంభించెను. 1996లో సంస్థను స్థాపించెను. అదియే నేడు లోకమున అగ్రశ్రేణి నున్న టెక్నోప్రోబ్. 2022లో దాని వాటాలు మిలాను విపణి కెక్కినవి. దానికి మొదటి పెట్టుబడి వేయి యెకరములు కాదు. ఒక పనివాని అనుభవము, ఒక యింటి గది. మన వనస్థలిపురమునను, కుషాయిగూడలోను ప్రభుత్వ కర్మాగారములలో ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి గైకొన్న నిపుణులు ఎందఱు లేరు? సాయంకాలము ఉద్యానమున నడచుటతోనే వారి విద్య ముగియవలెనా?

మాకు వినబడు ఆక్షేపణలు మూడు. లేజరు యంత్రమే పరదేశపుది, తీగయు పరదేశపుది. ఇందు స్వదేశీ యెక్కడ యనునది మొదటిది. నిజమే. కాని మగ్గము వచ్చిననాడే ప్రత్తిచేనును వచ్చెనా? నేర్పు మొదట వచ్చును, నేర్పరి తన పనిముట్టును తానే బాగుచేసికొనును, పిమ్మట చేసికొనును. సన్నని టంగ్‌స్టను తీగను, పల్లేడియపు మిశ్రమములను ఇచ్చట సాగదీయు పనిని మన లోహసంస్థలు చేపట్టుటకు ముందు, కొనువాడొకడు ఇచ్చట నుండవలెను గదా!

ఈ పనికి గిరాకి చాలదనునది రెండవది. చిప్పుల కార్డులను మాత్రమే లెక్కించినచో నేటికి ఆ మాట కొంత సత్యమే. అందుచేతనే మేము అతిసూక్ష్మమగు కార్డులతో ఆరంభింపు మనుటలేదు. పోగోపిన్నులతోను, మీటరు ప్రోబులతోను, ఉష్ణమును కొలుచు సన్నని తీగల జంటలతోను ఆరంభింపవచ్చును. ఎలక్ట్రానిక్ ఫలకములు చేయు ప్రతి కర్మాగారమునను ఇవి దినదినము అరుగుచున్నవి. సులభమైనదానితో చేయి తిరిగినపిమ్మట కఠినమైనదానిని ముట్టవలెను.

పెద్ద సంస్థలు చిన్న కర్మశాలను నమ్మవనునది మూడవది. నమ్మకము వేడుకొన్నంతమాత్రమున రాదు, కొలతచే వచ్చును. బాగుచేసిన ప్రతి సూదికిని దాని నిరోధమును, మట్టమును, బరువును వ్రాసి యిచ్చిననాడు, ఆ వ్రాత తప్పు కాదని పదిమాఱులు రుజువైననాడు, ఎంత పెద్ద సంస్థయైనను తనంతట తానే వచ్చును. స్వదేశీ యను పేర లోపము గల వస్తువును అంటగట్టుట స్వదేశీకే ద్రోహము.

కాబట్టి మా సూచన లివి. తుర్కయంజాల్, ఆదిభట్ల, రావిర్యాల ప్రాంతమునకు మధ్యగా ఒక సామాన్య కర్మశాలను నెలకొల్పవలెను. ఒక లేజరు యంత్రము, మంచి సూక్ష్మదర్శినులు నాలుగు, నిరోధమును మట్టమును కొలుచు సాధనములు, ధూళి లేని గది ఒకటి యుండిన చాలును. చిన్న సంస్థలు గంటకింతయని అద్దె చెల్లించి వాడుకొనవలెను. బాలాపురపు పరిశోధకులు మాసమున కొన్ని దినములైనను అచ్చటికి వచ్చి బోధింపవలెను. ఐ.టి.ఐ.లలోను, పాలిటెక్నిక్కులలోను వెల్డింగు పాఠము ఇనుపకమ్మీల యతుకుతోనే ముగియక, సూక్ష్మపుటతుకు వఱకు సాగవలెను. స్వర్ణకార యువకులకు ప్రవేశమున ముందుచోటు నీయవలెను. ఈ ప్రాంతపు పెద్ద కర్మాగారములు తాము పాఱవేయు అరిగిన ప్రోబులను అభ్యాసమునకై ఈయవలెను. వారికి నష్టము లేదు, విద్యార్థికి అదియే పాఠ్యపుస్తకము. 1910లో బందరున ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిన పెద్దలు అక్షరవిద్యతోపాటు చేతివిద్యను నేర్పవలెనని తలచిరి. ఆ తలంపునకు ఈ కాలమున తగిన రూప మిట్టిది.

ఒక హెచ్చరికను చేయక ముగింపజాలము. ఈ పనిలో వాడు లేజరు వెలుగు పెక్కుసారులు కంటికి కనబడదు. కనబడదు కనుక రెప్ప మూతపడదు; మూతపడదు కనుక కంటిలోపలి తెర ఒక్క క్షణమున కాలిపోవును, మఱల రాదు. వెల తక్కువయని మూతలేని యంత్రమును కొని, నల్లకళ్ళద్దములు పెట్టుకొంటి ననుకొను దుకాణదారుడు తన కంటితో పందెమాడుచున్నాడు. ఆ వెలుగునకు ప్రత్యేకించిన అద్దములు, మూత తెఱచినంతనే ఆగిపోవు ఏర్పాటు, పొగను లాగు గొట్టము లేనిచోట యువకుని కూర్చుండబెట్టుట నేరము. చేతి కన్నము పెట్టు విద్య కంటిని తీసికొనరాదు. అట్లే జీతము సంగతి. సూక్ష్మదర్శిని క్రింద ఆఱు గంటలు కన్నార్పక పనిచేయువానికి కూలివానికన్న తక్కువ యిచ్చినచో ఈ నేర్పు మన యూర నిలువదు, విమానమెక్కి పోవును.

దేశాభివృద్ధి యనగా పెద్ద ద్వారము, పెద్ద పలక, పెద్ద సభ యని తలచుట మనకు అలవాటైనది. శంకుస్థాపన దినమున వేలమంది చేరుదురు. సూది విరిగిన దినమున ఎవ్వరును చేరరు. కాని ఆ రెండవ దినముననే పరిశ్రమ స్వతంత్రమైనదో పరతంత్రమైనదో తేలును. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. ఈ విషయమున మన యిల్లు మాసాబ్ చెరువు గట్టున, బాలాపురపు గోడ ప్రక్కన, దిల్‌సుఖ్‌నగరపు అంగడి మెట్లపై నున్నది. పరిశోధనాలయము తలుపు తెఱచుగాక. కర్మాగారము తన అరిగిన సూదుల నిచ్చుగాక. ఇంటిలో చేయి తిరిగిన యువకుడున్న తండ్రి, వానిని ఈ విద్యకు పంపుటకు వెనుదీయకుండుగాక.